పాత కారు హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతుంటే: బల్బు మార్చాలా, వైరింగ్ చూడాలా, డూమ్ మార్చాలా?

పాత కారు హెడ్‌లైట్లు సరిగా వెలగడం లేదనగానే చాలామంది చెయ్యి ముందు వెళ్ళేది ఎల్‌ఈడీ బల్బుల డబ్బా మీదికే. నేనూ అదే చేశాను. మా కారుకి అప్పటికి 17 ఏళ్ళు. డబ్బా మీద రాసిన ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె చూసి మురిసిపోయి ఎల్‌ఈడీలు పెట్టించాను. ఇంటి ముందు గోడ మీద వేసి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లటి వెలుగు. రోడ్డెక్కాక సంగతి తెలిసింది. ఎదురొచ్చే ప్రతి బండీ నాకు డిప్పర్ కొడుతోంది, నాకేమో బానెట్ ముందు కాస్త మేర తప్ప దూరం కనబడటం లేదు. నెల తిరక్కుండానే వాటిని తీసేసి పాత హాలోజన్లు, అంటే మామూలు ఫిలమెంటు బల్బులు, మళ్ళీ పెట్టాను. ఎడమ లైటు మునుపటిలాగే గుడ్డిగా వెలిగింది. చివరికి చూస్తే అసలు రోగం ఫెండర్ లోపలి వైపు తుప్పు పట్టిన ఒక ఎర్త్ స్క్రూలో, అంటే బల్బు నుంచి కరెంటు కారు బాడీలోకి తిరిగి వెళ్ళే చోట ఉంది.

హెడ్‌లైటు వెలుగు రోడ్డు చేరేలోపు ఐదు చోట్ల తగ్గిపోవచ్చు: బల్బుకి అందే కరెంటు, బల్బు, దాని వెనక వెలుగుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్, ముందున్న అద్దం, చివరికి లైటు చూసే దిక్కు. రిఫ్లెక్టర్, అద్దం కలిసిన మొత్తం పెట్టెనే డూమ్ అంటారు. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనికిరాదు. పసుపెక్కిన అద్దం వెనక ఎంత గొప్ప బల్బు పెట్టినా పసుపు వెలుగే. 11 వోల్టులే అందుతున్న హోల్డర్‌లో ఎంత ఖరీదైన హాలోజన్ పెట్టినా నీరసమే. కాబట్టి ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత. ముందు వెలుగు ఎక్కడ పోతోందో పట్టుకోవాలి.

ఒక్కటే తగ్గిందా, రెండూనా?

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బయటికి తీయకముందే కారు చాలా చెబుతుంది. చీకటి పడ్డాక గోడకి ఎదురుగా ఆపి, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి చూడండి. ఒక్క లైటే తగ్గి ఉంటే తేడా ఆ వైపుకే సంబంధించినది: దాని బల్బు, దాని హోల్డర్, దాని ఎర్త్. ఇంజిన్ ఆపి, బల్బులు చల్లారాక రెండిటినీ అటూ ఇటూ మార్చి చూడండి. గుడ్డితనం బల్బుతో పాటు అవతలికి వెళ్ళిపోతే బల్బుదే తప్పు. ఉన్నచోటే ఉండిపోతే కొత్త బల్బు మీద డబ్బు తగలేయకండి.

రెండూ తగ్గి, యాక్సిలరేటర్ తొక్కగానే ప్రకాశం పెరుగుతుంటే చూపు డైనమో మీద, దాని బెల్టు మీద, బ్యాటరీ మీద పెట్టాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పూర్తిగా చార్జైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. ఇవి సరిగా ఉండి కూడా రెండు లైట్లూ నీరసంగా ఉన్నాయంటే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే ఫ్యూజ్ బాక్సు, లైటు స్విచ్చి, డిప్పర్ కాడ దగ్గర ఎక్కడో కరెంటు పోతోందని.

రెండు లో బీమ్‌లూ ఒకే రాత్రి ఆరిపోతే రెండు బల్బులూ కూడబలుక్కుని చచ్చాయనుకోవద్దు. ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), డిప్పర్ స్విచ్చి ముందు చూడండి. ఒకవేళ నిజంగానే బల్బులు మాటిమాటికీ కాలిపోతుంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. 14.8 దాటుతుంటే డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయినట్టే. వోల్టేజీ 5 శాతం పెరిగితే హాలోజన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంకో గుర్తు చెప్పాలి, ఎందుకంటే నా కారులో అదే కనబడింది, నేనే పట్టించుకోలేదు. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడల్లా ఎడమ హెడ్‌లైటు కూడా దానికి తాళం వేస్తున్నట్టు సన్నగా తగ్గుతూ పెరుగుతూ ఉండేది. రెండూ ఒకే ఎర్త్ పంచుకుంటున్నాయి, ఆ ఎర్త్ బాగాలేదు. అలాగే లో బీమ్ వేసినప్పుడు అదే బల్బులోని హై బీమ్ ఫిలమెంటు కూడా ఎర్రగా మిణుకుమంటుంటే, కరెంటు తిరిగి వెళ్ళే దారి దొరక్క పక్క ఫిలమెంటు గుండా పోతోందని అర్థం. ఇది కూడా ఎర్త్ గోలే.

మీటరుతో పది నిమిషాలు

మల్టీమీటర్ చవకైనదైనా చాలు. కానీ చాలామంది కొలిచే పద్ధతిలోనే మోసపోతారు. కప్లర్‌ని, అంటే బల్బు వెనక తగిలించే వైర్ల ప్లగ్గుని, బల్బు నుంచి ఊడదీసి కొలిస్తే, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది. లోడు లేదు కదా. అందుకని కప్లర్ బల్బుకి పెట్టే ఉంచి, లైటు వెలుగుతుండగా, వెనక నుంచి ప్రోబు గుచ్చి కొలవాలి.

రెండు కొలతలు తీసుకోండి. ఒకటి, బ్యాటరీ పాజిటివ్ కడ్డీకీ బల్బుకి కరెంటు తెచ్చే పిన్నుకీ మధ్య. రెండోది, బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్ కడ్డీకీ మధ్య. మీటరు చూపించే ప్రతి పాయింటూ దారిలో పోయిన వోల్టేజీయే. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ బాగున్నట్టు. ఎర్త్ వైపు 0.2 దాటితే అక్కడే ఆగి శుభ్రం చేయండి.

నా లెక్క ఇలా వచ్చింది: బ్యాటరీ దగ్గర 14.1, ఎడమ బల్బు దగ్గర 11.6. పోయిన రెండున్నరలో 1.4 ఎర్త్ వైపే పోతోంది. రెండున్నర వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ హాలోజన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు 16 శాతం, 10 శాతం తగ్గితే 30 శాతం పోతుంది. ఈ బల్బుల వెలుగు లెక్కగట్టేది 13.2 వోల్టుల దగ్గర. 11.6 దగ్గర నా బల్బు ఇస్తున్నది ఉండాల్సిన దాంట్లో మూడింట రెండు వంతుల కన్నా కాస్త తక్కువ. ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు ఈ తేడా ఎందుకు బయటపడలేదంటే, వాటి లోపలి డ్రైవర్ కాస్త తక్కువ వోల్టేజీ అందినా సర్దుకుపోతుంది. రోగం అలా మరుగున పడిపోయింది.

ఎర్త్ శుభ్రం చేయడమా, రిలే వేయడమా, వైరింగ్ మార్చడమా?

ఎర్త్ వైపు వోల్టేజీ పోతుంటే ఖర్చే లేని పని. స్క్రూ విప్పి, రింగు కిందా బాడీ మీదా ఉన్న తుప్పూ పెయింటూ ఇసక కాగితంతో గీకి, లోహం మెరిసేదాకా తేల్చి, బిగించాక పైన కాస్త గ్రీజు పూయండి. నాకు ఈ ఒక్క పనితో 11.6 కాస్తా 13 దగ్గరికి వచ్చింది. ఆ రాత్రి రోడ్డు చూస్తే సిగ్గేసింది, ఎల్‌ఈడీలకి తగలేసిన డబ్బు గుర్తొచ్చి.

పాజిటివ్ వైపు ఎక్కువ పోతుంటే అప్పుడు రిలే గురించి ఆలోచించాలి. చాలా పాత కార్లలో హెడ్‌లైటు కరెంటు మొత్తం డాష్‌బోర్డు దాకా వెళ్ళి, లైటు స్విచ్చి గుండా, డిప్పర్ కాడ గుండా తిరిగి ముందుకి వస్తుంది. 55 వాట్ల లో బీమ్‌లు రెండంటే సుమారు 9 ఆంపియర్లు. ఏళ్ళ తరబడి అంత కరెంటు మోసి స్విచ్చి లోపలి పాయింట్లు కాలి నల్లబడతాయి. రిలే పెడితే బల్బు కరెంటు బ్యాటరీ నుంచి తిన్నగా పొట్టి దారిలో వెళ్తుంది. పాత స్విచ్చి రిలేని లేపడానికి కావలసిన చిటికెడు కరెంటునే మోస్తుంది. లో బీమ్‌కొకటి, హై బీమ్‌కొకటి, రెండు రిలేలు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఒక్కో దానికి ఒక్కో ఫ్యూజు. ఈ ఫ్యూజు ఎగ్గొట్టే ఎలక్ట్రీషియన్ దగ్గర పని చేయించుకోకండి. వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుంటే కాలేది ఫ్యూజు కావాలి, కారు కాదు.

రిలే అందరికీ అక్కర్లేదు. కొలతలో అర వోల్టు కూడా పోవడం లేదంటే రిలే వల్ల కొత్తగా వచ్చే వెలుగేమీ ఉండదు. కంపెనీయే రిలే ఇచ్చిన కార్లున్నాయి, ముందు ఫ్యూజ్ బాక్సు మూత వెనక బొమ్మ చూడండి. కొన్ని జపాన్ కార్లలో తంతు తలకిందులు: ఉమ్మడి పిన్నుకి పాజిటివ్ ఎప్పుడూ అంది ఉంటుంది, స్విచ్చి కలిపేది ఎర్త్‌ని. అలాంటి కారుకి బజార్లో దొరికే రెడీమేడ్ కిట్టు నేరుగా తగిలిస్తే పని చేయదు. లైట్లు ఆపి ఉన్నప్పుడు కూడా కప్లర్‌లో ఒక పిన్ను 12 వోల్టులు చూపిస్తుంటే మీది ఈ జాతే కావచ్చు, ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.

మొత్తం వైరింగ్ మార్చడం మాత్రం చివరి మాట. వైరు తొడుగు పెళుసుబారి వంచగానే పొడిపొడిగా రాలుతుంటేనో, రాగి పోగులు లోపలికంటా ఆకుపచ్చగా మారిపోతేనో తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. హోల్డర్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయి ఉంటే అది మార్చండి, ఈసారి పింగాణీది వేయించండి.

అద్దం రుద్దాలా, డూమ్ మార్చాలా?

బాగా పాత కార్లకి గాజు అద్దాలుంటాయి, అవి పసుపెక్కవు. ఇసక రేణువులు తగిలి గరుకెక్కుతాయి, లేదా పగులుతాయి, అంతే. పసుపెక్కేది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద కంపెనీ వేసిన గట్టి పూత ఎండకి చచ్చి, ఆ తర్వాత లోపలి ప్లాస్టిక్ మసకబారుతుంది.

రుద్దితే బాగుపడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక చెంబెడు నీళ్ళు చాలు. అద్దం మీద పోయండి. తడిగా ఉన్నంతసేపూ తేటగా కనబడి, ఆరగానే మళ్ళీ మసకబారితే చెడింది పైపొరే, రుద్దితే వస్తుంది. తడిసినా మసక పోకపోతే మసక లోపలి వైపుంది, లేదా ప్లాస్టిక్ లోపల సన్నటి బీటలున్నాయి. దాన్ని ఎంత రుద్దినా చెమట తప్ప ఏమీ రాదు.

రుద్దడంలో కూడా మూడు రకాలున్నాయి. టూత్‌పేస్టు, పాలిష్ ముద్దలతో వచ్చే మెరుపు పైపై ముచ్చట, ఎక్కువ రోజులు నిలవదు. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తో 800, 1000, 2000, 3000 నంబర్ల వరుసలో రుద్ది పాలిష్ పెడితే అద్దం కొత్తదానిలా అవుతుంది. కానీ అక్కడితో ఆపితే పాత పూతను కూడా పూర్తిగా గీకేసి ప్లాస్టిక్‌ని నగ్నంగా ఎండలో వదిలేసినట్టే, కొన్ని నెలల్లో మునుపటికంటే త్వరగా పసుపెక్కుతుంది. పైన యూవీని ఆపే క్లియర్ కోటు వేస్తేనే పని పూర్తయినట్టు. పని చేసే మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చివర్లో ఏ పూత వేస్తావు?

రిఫ్లెక్టర్ సంగతి వేరు. బల్బు తీసి, ఆ కంతలోంచి టార్చి వేసి లోపలికి చూడండి. అద్దంలా మెరవాలి. బూడిదరంగు తిరిగి ఉంటే, పొర లేచి ఉంటే, బల్బు పైన నల్లటి మచ్చ పడి ఉంటే వెలుగులో పెద్ద వాటా అక్కడే ఆవిరవుతోంది. లోపలికి గుడ్డ పెట్టి తుడవాలన్న ఆలోచన రానివ్వకండి. అది ఆవిరి రూపంలో ఎక్కించిన పల్చటి అల్యూమినియం పొర, తుడిస్తే గుడ్డతో పాటే వచ్చేస్తుంది. కొందరు క్రోమ్ ప్లేటింగ్ చేయిస్తామంటారు. బంపర్ మీద క్రోమ్ బాగుంటుంది గానీ, అల్యూమినియం 90 శాతానికి దగ్గరగా వెలుగుని తిరిగి పంపితే క్రోమ్ పంపేది 65 శాతం దగ్గరే. కొత్త డూమ్ దొరకని అరుదైన పాత కారైతే రిఫ్లెక్టర్‌కి మళ్ళీ అల్యూమినియమే ఎక్కించే చోటు వెతకండి. దొరికే కారైతే డూమ్ మార్చేయడమే.

కొత్త డూమ్ కొనేటప్పుడు అద్దం మీద ముద్ర చదవండి. వృత్తంలో ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం ఆమోదం పొందినది. ‘హెచ్‌సీఆర్’ (HCR) అని ఉంటే హాలోజన్ కోసం చేసినది, లో, హై బీమ్ రెండూ ఉన్నది. బాణం గుర్తు మరీ ముఖ్యం. ఎడమ వైపు నడిచే రోడ్ల కోసం చేసిన లైటుకి, దాని ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు చూసే బాణం ఉంటుంది. బాణమే లేకపోతే అది కుడి వైపు నడిచే దేశాలది. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి, బిగింపులు కూడా సరిపోతాయి. కానీ తప్పు రకం పెడితే మీ దారి అంచు మీద పడాల్సిన వెలుగు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. పాత సామాను కొట్లలో డూమ్ కొనేవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఇక బల్బులు

పైవన్నీ సరిచేశాక మామూలు హెచ్‌4 బల్బు (లో, హై బీమ్ ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం), హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లది, పేరున్న కంపెనీదైతే చాలామందికి సరిపోతుంది. అది 13.2 వోల్టుల దగ్గర లో బీమ్‌లో 1000, హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు ఇవ్వాలి. గాజు నల్లబడి ఉన్నా, ఏళ్ళుగా వాడుతున్నా జతగా మార్చండి. కొత్త బల్బు గాజుని వేళ్ళతో పట్టుకోకండి. అంటిన జిడ్డు వేడికి కాలి అక్కడే గాజు చెడుతుంది.

‘ప్లస్ 100’, ‘ప్లస్ 150’ అని అమ్మే బల్బులు మోసం కాదు, కానీ ఆ శాతం రోడ్డు మీద ఒకానొక చోట పెరిగే వెలుగుకి చెప్పేది, మొత్తం వెలుగుకి కాదు. ఫిలమెంటుని ఇంకాస్త సన్నగా, చిన్నగా, వేడిగా చేసి సాధిస్తారు, అందుకే త్వరగా పోతాయి. రాత్రి దూర ప్రయాణాలు ఎక్కువైతే నేను ఇవే తీసుకుంటాను. ఊళ్ళోనే తిరిగే కారుకి మామూలువే నయం. నీలం పూత బల్బులు మాత్రం ఎవరికీ చెప్పను. ఆ పూత, ఉన్న వెలుగులోనే కొంత మింగేస్తుంది.

100/90 వాట్ల బల్బుల మీద మోజు పాత కార్ల వాళ్ళలో ఇంకా పోలేదు. లో బీమ్‌లోనే రెండిటికీ 15 ఆంపియర్లు. రిలే లేకుండా పెడితే స్విచ్చి కరుగుతుంది, రిలే ఉన్నా హోల్డర్, ప్లాస్టిక్ అద్దం, రిఫ్లెక్టర్ పొర ఆ వేడికి తట్టుకోవు. పైగా చాలా చోట్ల రోడ్డు మీద వాడటం నేరం. 55 వాట్లకి నిండు వోల్టేజీ అందించడమే మేలు.

ఎల్‌ఈడీ దగ్గర కాస్త ఆగాలి. హెచ్‌4లో లో బీమ్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఫిలమెంటు వెలుగు రిఫ్లెక్టర్ కింది సగం మీద పడకుండా అది అడ్డుకుంటుంది. ఎదుటివారి కళ్ళలో కొట్టకుండా కాపాడే గీత, అంటే వెలుగు పై హద్దు, అక్కడ పుడుతోంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంటు ఉండే చోటుని, దాని ఆకారాన్ని మిల్లీమీటర్ కన్నా సన్నటి తేడాతో లెక్కేసి చేసినది. చుట్టూ వెలిగే సన్నటి తీగ ఉండాల్సిన చోట రెండు వైపులా చదునుగా వెలిగే చిప్పులు పెడితే గీత చెదిరిపోతుంది. వెలుగు ఎక్కువే, కానీ పైకీ పక్కలకీ చిందుతుంది, దూరం పోదు. బానెట్ ముందే తెల్లగా మెరిసిపోయే సరికి కంటిపాప ముడుచుకుని దూరపు చీకటి ఇంకా చిక్కబడుతుంది. నాకు రోడ్డు మీద జరిగింది ఇదే.

దీనికితోడు, చాలా దేశాల్లో డూమ్‌కి ఆమోదం ఇచ్చేది దాని మీద రాసిన బల్బు రకంతో కలిపి. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకి అనుమతి ఉంది, అదీ ఫలానా బల్బు ఫలానా కారుకి అని జాబితా కట్టి. మీ ప్రాంతంలో నియమం ఒప్పుకుంటే, మీ కారుకి ప్రొజెక్టర్ డూమ్ (ముందు గుండ్రటి లెన్సు ఉండే రకం) ఉంటే, ఎల్‌ఈడీ కొంచెం నయంగా పని చేయవచ్చు, ఎందుకంటే లోపలి అడ్డు రేకు గీతని కాపాడుతుంది. రిఫ్లెక్టర్ డూమ్‌లో మాత్రం వద్దు. హెచ్‌ఐడీ (జినాన్ లైట్ల) కిట్లకీ ఇదే మాట, ఇంకా గట్టిగా. 35 వాట్లకే 3000 ల్యూమెన్లు దాటే వెలుగుని హాలోజన్ రిఫ్లెక్టర్‌లో పెడితే ఎదుటివాడు రోడ్డు వదిలేస్తాడు. నిజంగా కొత్త రకం వెలుగే కావాలంటే బల్బు ఒక్కటీ కాదు, ఆమోదం ఉన్న ఎల్‌ఈడీ డూమ్ మొత్తం మార్చాలి.

చివరిగా దిక్కు

ఏం మార్చినా సరే, లైటు దిక్కు సరిచూసుకోవాలి. హెచ్‌4 బల్బు మూడు చెవులూ గాడిలో సరిగా కూర్చోకపోయినా వెలుగు ఆకాశం చూస్తుంది, బల్బు మార్చిన రోజే ఇది జరుగుతుంటుంది. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవర్ సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, లోపల లైట్ల ఎత్తు తగ్గించే చిన్న చక్రం ఉంటే దాన్ని సున్నా మీద పెట్టి, సమతలమైన నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో ఆపండి. నేల నుంచి బల్బు మధ్య వరకూ ఉన్న ఎత్తుని గోడ మీద గుర్తు పెట్టండి. లో బీమ్ పై గీత దానికన్నా సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దూరంలో 1 శాతం, కిందికి పడాలి. మీ కారు లైటు మీద వేరే శాతం ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. లైట్లు వేసి చూసే ముందు విండ్‌షీల్డ్ లోపలి వైపు కూడా తుడవండి, డాష్‌బోర్డు వేడికి అక్కడ పట్టే జిడ్డు పొర రాత్రిపూట ఎదుటి వెలుగుని అద్దమంతా పరుస్తుంది.

మార్చిన పాత బల్బుల్లో బాగున్నదాన్ని పారేయకండి. గుడ్డలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టి డిక్కీలో వేసి ఉంచండి. నాది స్టెప్నీ పక్కనే ఉంటుంది, పోయిన వానాకాలంలో ఒకసారి పనికొచ్చింది కూడా.